హొన్నె, హొంగె, ఒక లోటా

కరోనా తగ్గి, మాస్కులు ముక్కు మీది నుంచి గడ్డం కిందికి జారిన ఏడాది వేసవిలో నన్ను బేతమంగళ సెక్షనుకు ఉప వలయ అరణ్యాధికారిగా వేశారు. ఉద్యోగంలో అదే నా ఆఖరి పోస్టింగు. మా శాఖ బయటివాళ్ళకు ఈ హోదా ఏమిటో తెలియదు కాబట్టి చెబుతాను. కింద గార్డులు, వాళ్ళ కింద వాచర్లు. పైన వలయ అరణ్యాధికారి, అంటే రేంజర్. ఆయన పైన మరికొందరు, వాళ్ళందరి పైన డివిజన్ మొత్తానికి పెద్ద అయిన డి.సి.ఎఫ్. ఈ నడుమ ఇరుక్కుని ఉండేవాళ్ళం మేము. అడవిలో ఏం జరిగినా మొదటి సంతకం మాది. ఆ సంతకం తప్పని తేలితే మొదటి సంజాయిషీ కూడా మాదే. మెచ్చుకోలు ఏదైనా వస్తే అది మా తల మీదుగా ఎగిరిపోయి రేంజర్ దగ్గర వాలుతుంది.

అడవి అన్నానని ఏనుగులు తిరిగే చీకటి కోనలు ఊహించుకోకండి. కామసముద్రం వైపు ఏనుగులు దిగుతాయి గాని, నా సెక్షనులో ఉన్నవి బండరాళ్ళ గుట్టలు, ముళ్ళ పొదలు, ఎప్పుడో నాటిన నీలగిరి తోపులు. గట్ల మీద రైతులు పెట్టుకున్న సిల్వర్ ఓక్. రోడ్ల వెంట కానుగ. ఈ సంపద మధ్య మా ఆఫీసు ఆవరణలో ఒకే ఒక్క హొన్నె చెట్టు ఉండేది. హొన్నె అనేది కన్నడం పేరు. ఆంధ్రలో ఏగిస అంటారు. టేకు, గంధం లాగా అదీ కాపుదల ఉన్న జాతి. సొంత పొలంలో ఉన్నా మా అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆ చెట్టు ఎవరు నాటారో రికార్డుల్లో లేదు. ఏటా గుండ్రటి రెక్కల కాయలు రాలుస్తుంది. వాటిని ఏరి, నానబెట్టి, మా నర్సరీలో మొక్కలు పెంచేవాళ్ళం. డివిజన్‌లో ఎక్కడ హొన్నె మొక్క నాటినా దాని పుట్టిల్లు మా ఆవరణే.

ఆ చెట్టంటే నాకు ఇష్టం. దాచుకోవలసిన పని లేదు. ఇంట్లో మా ఆవిడ ముందు కూడా ఒకసారి ఆ మాట అన్నాను, దానికి రావలసిన జవాబు వచ్చింది.

వానాకాలం నాట్లకు ముందు నర్సరీలు తనిఖీ చేయడానికి డి.సి.ఎఫ్. గారు వచ్చారు. ఉత్తర కర్ణాటక మనిషి. మా జిల్లాకు వచ్చాక పట్టుబట్టి తెలుగు నేర్చుకున్నారు. ఆయనకు షుగరు. ఈ సంగతి డివిజన్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన ఎక్కడికి వెళ్ళినా మొదట దాని గురించే చెప్పేవారు. తనిఖీ ముగిసి టీ వచ్చేసరికి, చక్కెర లేని టీ తాగుతూ, ఫోన్లో ఒక వీడియో చూపించారు. హొన్నె చెక్కతో చేసిన లోటాలో రాత్రి నీళ్ళు పోసి ఉంచితే తెల్లవారేసరికి నీలం తేలుతుంది, ఆ నీళ్ళు పరగడుపున తాగితే షుగరు దిగుతుంది అని అందులో ఒకాయన చెబుతున్నాడు. షుగరు దిగుతుందా లేదా అన్నది డాక్టర్లు చెప్పవలసిన మాట. నీళ్ళు రంగు మారడం మాత్రం నిజం. శిక్షణ రోజుల్లో మేము హొన్నె దుంగను గుర్తుపట్టేదే అలాగ. చిన్న చెక్కపేడు గాజు గ్లాసులో వేసి ఎండలో పెడితే నీళ్ళలో నీలిరంగు జాడ కనిపిస్తుంది.

అంగట్లో దొరికే లోటాలు మరమీద తిప్పినవి, పాలిషు వాసన వేస్తాయి, అవి తనకు వద్దన్నారు ఆయన. ఇక్కడి చెట్టు, ఇక్కడి మనిషి, చేతి చెక్కడం కావాలన్నారు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చెప్పాను. చెక్కల గురించి మాట వస్తే నోరు కట్టేసుకోవడం నాకు చేతకాదు. నీళ్ళు తాగే పాత్రకు చెక్క ఎంచుకునేటప్పుడు మొదటి నియమం, ఆ చెక్క నీళ్ళకు ఏమీ ఇవ్వకూడదు. రుచి ఇవ్వకూడదు, రంగు ఇవ్వకూడదు, వాసన ఇవ్వకూడదు. వేప చేదు దిగుతుంది. నీలగిరి ఎండేలోపే నోరు తెరుస్తుంది. సిల్వర్ ఓక్ చూడ్డానికి బాగుంటుంది గాని సన్నగా చెక్కితే విరుగుతుంది. మామిడి మెత్తన, మరక పట్టిందంటే వదలదు. చింత చేవ గట్టిది, ఉలి అరిగిపోతుంది, చెక్కేవాడి ఓపికా అరిగిపోతుంది. మన గుట్టల్లో దొరికేవాటిలో సరైనది ఆలె మరం, అదే పాల చెట్టు. చన్నపట్నం బొమ్మలు చేసేది దానితోనే. తెల్లగా, నున్నగా, రుచీ వాసనా లేకుండా ఉంటుంది, పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఇంత చెప్పి, కావాలంటే ఆలెతో ఒకటి చేయించి పంపుతానన్నాను.

డి.సి.ఎఫ్. గారు ఓపికగా విన్నారు. తరువాత తాను నేర్చుకున్న తెలుగులో ఇలా అన్నారు.

"మీరు చెప్పేది నీళ్ళు తాగే లోటా. నాకు కావాల్సింది మందు తాగే లోటా."

మా గార్డు మునిరత్నమ్మ గబుక్కున నర్సరీ వైపు తిరిగి, ఏ అవసరమూ లేని ఒక మొక్కకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. బేతమంగళ పక్క రాగులు పండించే కుటుంబంలోని మనిషి. నవ్వు వస్తే ముఖం తిప్పుకోవడం ఆమెకు ఉద్యోగంలో అలవాటైన విద్య.

లోటా మాట అయ్యాక ఆయన చూపు హొన్నె చెట్టు మీద పడింది. దగ్గరికి వెళ్ళి మాను మీద అరచేత్తో తట్టారు. లోపలి చేవ ఎంత లావు ఉంటుందని అడిగారు. పని చేసేది చేవే, పైనుండే తెల్లచెక్కకు ఆ గుణం ఉండదు. కొమ్మల్లో చేవ సన్నం, ఎక్కువ లోటాలు కావాలంటే మానే కొట్టాలి. ఇదంతా ఆయనకు తెలుసు, ఎంతైనా చదువుకున్న అధికారి. తల ఎత్తి చూసి, చెట్టు ఆఫీసు కప్పు మీదికి వంగినట్టుంది కదా అన్నారు.

వంగింది సార్ అన్నాడు రేంజర్.

ఈ రేంజర్ మంజునాథ్ శ్రీనివాసపురం వైపు కుర్రాడు, మామిడి తోటల ఇంటివాడు, ఇంట్లో తెలుగే. తెలివైనవాడు, చెడ్డవాడు కాదు. కానీ ప్రొబేషన్‌లో ఉన్నాడు, ఆ ఫైలు డి.సి.ఎఫ్. బల్ల మీద ఉంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి పై అధికారి వంగిందన్న ప్రతిదీ వంగినట్టే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విధానం చెప్పాలి. కాపుదల ఉన్న చెట్టును ఊరికే కొట్టడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే ప్రాణానికో కట్టడానికో అపాయం తెచ్చే చెట్టయితే, ఉప వలయాధికారి వెళ్ళి చూసి, పంచుల ఎదుట మహజరు, అంటే పంచనామా రాసి, అపాయమని సంతకం పెడితే తొలగించవచ్చు. అంటే ఆ చెట్టు మెడకూ రంపానికీ మధ్య ఉన్నది నా సంతకం ఒక్కటే. అది నిట్టనిలువుగా ఉంది సార్ అని నేనన్నాను. గాలికి వంగుతుంది కదా అన్నారు డి.సి.ఎఫ్. గారు. గాలికి వంగని చెట్టు ఏదో నాకు తెలియదు, కానీ ఆ మాట పైకి అనలేదు.

ఇంకొక మాట అన్నాను. అన్ని హొన్నెలూ ఒకేలా పని చేస్తాయని చెప్పలేం, మానంతా కొట్టాక గుణం లేదని తేలితే చెట్టు పోయినట్టే, కాబట్టి ముందు ఒక లోటా నమూనాగా చేయించి చూద్దామన్నాను. ఒక కొమ్మ పోతే పోయింది, ఈలోపు ఆయన మనసు మారవచ్చు, లేదా బదిలీ కావచ్చు. ప్రభుత్వంలో నమూనా అనే మాటకు ఎవరూ అడ్డు చెప్పరు. ఆయన ఒప్పుకున్నారు. రాతలో ఆదేశం పంపమని మంజునాథ్‌తో చెప్పి జీపు ఎక్కారు.

ఆదేశం మర్నాడు వాట్సాప్‌లో వచ్చింది. కన్నడంలో. బంగారుపేట రైల్వే గేటు దగ్గర జీపు ఆగి ఉండగా, గూడ్సు బండి పోతున్న శబ్దంలో, రేంజర్ టైపు చేసే ఓపిక లేక ఫోన్‌కు నోటితో చెప్పాడట. ఇది తరువాత ఆయన డ్రైవర్ చెప్పిన సంగతి. నాకు వచ్చినది మాత్రం ఇది: బేతమంగళ సెక్షనులో హొంగె మరంతో చేతితో చెక్కిన లోటా ఒకటి నమూనాగా తక్షణం చేయించవలెను.

హొంగె అంటే కానుగ. హొన్నెకూ హొంగెకూ రాతలో ఒక్క అక్షరం తేడా. చెక్కలో మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. హొన్నె లక్షణమైన కలప. కానుగ పొయ్యిలోకి పోయే కట్టె. పచ్చిగా కోస్తే ఒక రకం వాసన, ఎండితే పురుగు, నోట పెట్టుకుంటే చేదు.

ఆ మెసేజి పైకి చదివాను. మునిరత్నమ్మ ఫోను అందుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"హొంగె అనే ఉండాది సార్. పైవాళ్ళు రాసింది దిద్దేకి మనకి యాడ అధికారం ఉండాది?"

ఉద్యోగంలో అన్ని సంవత్సరాలూ నియమం తప్పలేదు, అప్పుడు కూడా తప్పలేదు. ఆదేశంలో సందేహం ఉంటే స్పష్టీకరణ కోరాలి. వెంటనే మంజునాథ్‌కు ఫోన్ చేశాను. ఆయన కామసముద్రం వైపు ఏనుగుల వెనక పరుగెత్తుతున్నాడు. వెనక టపాకాయల చప్పుడు. ఆదేశంలో చెట్టు పేరు గురించి ఒక మాట అడగాలి అన్నానో లేదో ఆయన అందుకున్నాడు.

"రాసింది రాసినట్టు చేయండప్పా. ప్రతిదానికీ ఫోన్ చేస్తే నేను ఏనుగుల్ని చూడాల్నా, లోటాల్ని చూడాల్నా?"

ఇంతకంటే స్పష్టమైన స్పష్టీకరణ నా సర్వీసులో రాలేదు. ఆదేశాన్ని పాటించాను. కానుగ విషం అవుతుందేమో అని ఆలోచించకపోలేదు. గింజల నూనె కడుపులోకి పోకూడదు గాని, ఈ ఊళ్ళలో తాతలనాటి నుంచి పళ్ళు తోముకునేది కానుగ పుల్లతోనే. చెక్క లోటాలో నీళ్ళు తాగితే ముఖం ముడుచుకోవడం తప్ప ప్రమాదం లేదని నిశ్చయించుకున్నాను.

బేతమంగళ నుంచి కె.జి.ఎఫ్. పోయే రోడ్డులో గాలివానకు విరిగిన కానుగ కొమ్మ ఒకటి పడి ఉంది. గొడ్డలి పెట్టే పని లేదు. దానిలోంచి ముడులు లేని ముక్క ఏరి ఊరిగాంలో ఆరోగ్యస్వామి ఇంటికి తీసుకెళ్ళాను. ఈయన గనుల్లో టింబర్‌మన్, అంటే భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. గనులు మూశాక పాత కంపెనీ క్వార్టర్సులోనే వడ్రంగం పెట్టుకున్నాడు. క్రిస్మస్‌కు చర్చిల్లో పెట్టే పశువుల కొట్టాలు, గొర్రెపిల్లలు చెక్కుతాడు. పనిమంతుడు. ఆ సంగతి మనకంటే ముందు ఆయనే చెబుతాడు. కె.జి.ఎఫ్.లో తనంతటి చేయి లేదని, బెంగళూరులో కూడా ఉంటుందని తాను అనుకోవడం లేదని నాతో అన్నాడు.

చెక్క చూసి మూతి విరిచాడు. లోటాకు పుంగన్ కట్టె ఎవడైనా వాడతాడా, ఊర్లో వేరే మరమే దొరకలేదా, పురుగు కొట్టేస్తుంది సార్ అన్నాడు. అరవంలో కానుగను పుంగన్ అంటారు. ఎవరికి లోటా అని ఆరా తీశాడు. ప్రభుత్వానికి అన్నాను.

"గవర్నమెంటు తాగేదానికా? అట్లయితే పుంగనే కరెక్టు సార్."

చెక్కే పద్ధతి నేను దగ్గర కూర్చుని చూశాను. కొమ్మ నడిమధ్య పెన్సిల్ ముల్లు లాగా మెత్తని గుజ్జు ఉంటుంది. అది లోటాలో పడితే ఎండినప్పుడు అక్కడే పగులుతుంది. అందుకని ముక్కను నిలువునా చీల్చి, గుజ్జు ఉన్న భాగం తీసేసి, మిగిలిన చెక్కలో లోటా చూసుకోవాలి. పచ్చిగా ఉండగానే వంకర ఉలితో లోపల తొలవాలి, గోడ అంతటా ఒకే మందంలో రావాలి. ఒకచోట లావు ఒకచోట సన్నం ఉంటే ఎండే వేగం మారి చీలిపోతుంది. తొలిచాక దాని పొట్టులోనే గోనెసంచిలో కప్పి నీడన పెట్టాలి. తొందరపడి ఎండలో పెట్టినవాడు రెండో లోటా చెక్కుకోవాలి. ఎండాక ఆరోగ్యస్వామి దాన్ని గంజిలో ఉడికించాడు. గంజి చెక్క రంధ్రాలు మూసేస్తుందని ఆయన లెక్క. వాసన పోయింది. చేదు పోలేదు.

చూడ్డానికి మాత్రం లోటా అద్భుతంగా వచ్చింది. లేత పసుపు రంగు, చేతికి ఒదిగే నడుము, పెదవికి తగిలే అంచు పలచగా. అడుగున తన పేరు చెక్కుకుంటానన్నాడు, ప్రభుత్వ వస్తువని చెప్పి ఆపాను. మునిరత్నమ్మ రుచి చూస్తానని నీళ్ళు పోసుకుని ఒక గుక్క తాగింది. జ్వరం కషాయం మాదిరి ఉండాదని రెండో గుక్క కానుగ మొక్కకే పోసింది.

డి.సి.ఎఫ్. గారు మళ్ళీ వచ్చి బేతమంగళ చెరువు గట్టున తనిఖీ బంగళాలో బస చేశారు. రాత్రి లోటాలో నీళ్ళు పోయించి పెట్టుకున్నారు. పొద్దున అందరినీ పిలిచారు. కిటికీ దగ్గర నిలబడి లోటాను వెలుగుకు పట్టుకుని, నీలం కనిపిస్తోందా అని అడిగారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మంజునాథ్ వంగి చూసి కనిపిస్తోంది సార్ అన్నాడు. ఆయన వెనక ఇద్దరు గార్డులకు కనిపించింది. నీలం హోదా ప్రకారం పై నుంచి కిందికి దిగుతూ వచ్చింది. నా వంతు వచ్చేసరికి, నాకు కంటిపొర ఆపరేషన్ కావాల్సి ఉంది సార్ అన్నాను. అది అబద్ధం కాదు.

ఆయన తాగారు. ముఖం మొత్తం ముడుచుకుపోయింది. కాసేపటికి ఆ ముడతల్లోంచి సంతోషం బయటికి వచ్చింది.

"చేదుగా ఉంది," అన్నారు. "అంటే పని చేస్తోంది."

హొన్నె నీళ్ళు వగరుగా ఉంటాయి, చేదుగా ఉండవు. తెలిసినవాడు ఆ మాటతోనే పట్టేస్తాడు. ఆ గదిలో తెలిసినవాడిని నేనొక్కడినే, నన్నెవరూ అడగలేదు. ఈసారి అడగకుండా చెప్పలేదు.

ఆ రోజుకు నాకు తృప్తిగానే ఉంది. చెట్టు కొమ్మ కూడా పోలేదు, ఆదేశమూ నెరవేరింది. కానీ నెల తిరిగేసరికి కోలారులో నెలవారీ సమీక్ష సమావేశంలో ఆయన లేచి నిలబడి, తన షుగరు బాగా దిగిందని డివిజన్ మొత్తానికి ప్రకటించారు. లోటా ఎత్తి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అదే నెలలో డాక్టరు మాత్రలు మార్చాడని, ఇంట్లో మిఠాయి డబ్బాకు అమ్మగారు తాళం వేశారని, ఆయన డ్రైవర్ బయట టీ అంగట్లో చెప్పాడు. లోపల ఆ సంగతి ఎవరికీ తెలియదు. చప్పట్లు ఆగాక డి.సి.ఎఫ్. గారు బేతమంగళ ఆవరణలోని హొన్నె చెట్టును తొలగించమన్నారు. బెంగళూరు పెద్ద కార్యాలయంలో షుగరు ఉన్న అధికారులందరికీ తలా ఒక లోటా పంపాలట.

నా తెలివి నా నెత్తికే చుట్టుకుంది. లోటా పనికిరాదని తేలి ఉంటే చెట్టు బతికేది. అది పని చేసింది, అదే చెట్టు ప్రాణం మీదికి తెచ్చింది. భయం వేసింది.

సమావేశం నుంచి తిరిగి వస్తూ దారిలో మంజునాథ్‌కు అసలు సంగతి చెప్పాను. ఫోన్ తీసి తాను పంపిన మెసేజి చదువుకున్నాడు.

"మీరు రిటైర్ అయిపోతారు అన్నా. నాకింగ సర్వీసంతా ముందరుండాది. ఈ మాట బయటికొస్తే నేను అయిపోయినట్టే. మాను కొట్టేసి నిజం హొన్నెతోనే లోటాలు చేయించేద్దాం, ఇంగ ఎవరికీ తెలీదు."

ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆ వయసులో నా ఫైలు పైవాడి బల్ల మీద ఉన్నప్పుడు నేనూ అలాగే ఆలోచించి ఉంటాను. కానీ చెట్టు వదులుకోవడానికి మనసు ఒప్పలేదు. మహజరు ఆయన రాసి పంపాడు, చెట్టు కట్టడం వైపు ప్రమాదకరంగా వంగి ఉన్నదని. నేను సంతకం చేయలేదు. తాపీమేస్త్రీ దగ్గర తూకం గుండు అరువు తెచ్చి, పంచుల ఎదుట మాను వెంట తాడు దించి కొలిచి, చెట్టు నిలువుగా ఉన్నదని వేరే నివేదిక రాశాను. అది తిరిగి వచ్చింది. గాలి వీచునప్పుడు మరల కొలవవలెను అని దాని మీద రాసి ఉంది.

కొలిచేలోపే రోజు ఖాయం చేశారు. నా సంతకం తరువాత చూసుకుందామన్నారు. రంపం వాళ్ళు వచ్చారు. చేవ ఎలా ఉందో కళ్ళారా చూడాలని డి.సి.ఎఫ్. గారు స్వయంగా వచ్చారు. మానులో ఎన్ని లోటాలు వస్తాయో గుర్తులు పెట్టడానికి మంజునాథ్ ఆరోగ్యస్వామిని పిలిపించాడు. నమూనా లోటా చేసింది ఆయనే కదా. ఆరోగ్యస్వామికి నేను ముందే చెప్పి పెట్టానా అని ఇప్పటికీ పాత మిత్రులు అడుగుతారు. చెప్పలేదు. ఫలానా మాట అనవద్దని కూడా చెప్పలేదు.

నిలబడి ఉన్నవాళ్ళం మేమందరమూ, రంపం వాళ్ళూ, డివిజన్ నుంచి వచ్చిన సిబ్బందీ. డి.సి.ఎఫ్. గారు ఆరోగ్యస్వామి చేయి పట్టుకుని, మీ చేతిలో మహిమ ఉంది, మీ లోటా నా షుగరు దించింది అన్నారు. ఆ మాటకు ఆయన పొంగిపోయాడు. మాను చుట్టూ ఒకసారి తిరిగాడు. నుదురు ముడిచాడు.

"ఈ మరం ఏంటికి సార్? ఆ లోటా దీంది కాదే. అది పుంగన్ కట్టె. రోడ్డులో పడిండే కొమ్మ. పుంగన్‌ని అట్లా చెక్కేదానికి నేను తప్ప ఇంకెవడున్నాడు సార్."

ఆయన తన గొప్ప చెప్పుకుంటున్నాడు, అంతే. డి.సి.ఎఫ్. గారు మంజునాథ్ వైపు తిరిగారు. మంజునాథ్ నా వైపు తిరిగాడు. నా వెనక ఎవరూ లేరు, నేను మునిరత్నమ్మ వైపు తిరగలేను.

నిజం చెప్పడమా, ఎలా చెప్పడమా అన్నది ఆ కొద్దిసేపట్లో తేల్చుకోవాలి. పొరబాటు జరిగిందని చెబితే అది మంజునాథ్ పొరబాటు అవుతుంది. ఆయన పోతాడు, డి.సి.ఎఫ్. గారు నవ్వులపాలవుతారు, ఆ మంటలో చెట్టు తప్పకుండా పోతుంది. అందుకని పొరబాటు అన్న మాట వాడలేదు.

"తమరి ఆదేశం ప్రకారం హొంగెతోనే చేయించినాము సార్. షుగరు దిగింది కూడా హొంగెకే."

ఆయన నన్ను చూశారు. తరువాత నిలబడి ఉన్న సిబ్బందిని చూశారు. వాళ్ళందరూ కోలారు సమావేశంలో చప్పట్లు కొట్టినవాళ్ళే. హొన్నె అని తాను అన్నానంటే, ఏ గుణమూ లేని కట్టె నీళ్ళు తాగి షుగరు దిగిందని డివిజన్ ఎదుట చెప్పినట్టు. హొంగె అని తాను అన్నానంటే, అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆయన తెలివైన మనిషి, ఎక్కువసేపు తీసుకోలేదు.

"హొంగె," అన్నారు. "నేను మొదటి నుంచీ హొంగె అనే చెబుతున్నాను. హొన్నె అన్నది ఎవరు?"

ఎవరూ అనలేదు. మంజునాథ్ ముందుకు వచ్చి, హొంగె అనే అన్నారు సార్, ఆదేశంలో కూడా అలాగే పంపినాను అన్నాడు. జీవితంలో అంత నిజాయితీగా ఆయన మాట్లాడటం నేను అప్పుడే చూశాను.

డి.సి.ఎఫ్. గారు తల ఎత్తి చెట్టును అడుగు నుంచి కొన వరకు చూశారు. రంపం వాళ్ళను చూశారు. కంఠం పెంచారు.

"ఈ చెట్టు నిట్టనిలువుగా ఉంది కదా. వంగిందని రాసింది ఎవరు?"

మంజునాథ్ మహజరు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. రంపం వాళ్ళకు టీ ఇచ్చి పంపించారు. ఇంత జరిగాక డి.సి.ఎఫ్. గారికి దాహం వేసి ఉంటుంది. జీపులోంచి నీళ్ళసీసా తేబోయిన డ్రైవరుకు మునిరత్నమ్మ అడ్డం వెళ్ళి, ఆయన వెంట తెచ్చుకున్న ఆ లోటానే వినయంగా నింపి తెచ్చి ఇచ్చింది. అందరం చూస్తుండగా ఆయన మొత్తం తాగారు. నీలం ఉందా అని ఈసారి అడగలేదు.

తరువాతి పనులు చకచకా జరిగాయి. పెద్ద కార్యాలయానికి కానుగ లోటాలు వెళ్ళాయి, అన్నీ ఆరోగ్యస్వామి చేతివే. రెండోది కావాలని అక్కడి నుంచి ఎవరూ అడగలేదు. డి.సి.ఎఫ్. గారు మా జిల్లాలో ఉన్నంత కాలం సమావేశాలకు ఆ లోటాతోనే వచ్చారు, మా ఎదుట దానితోనే తాగారు. వర్షాకాలం ముగిసేసరికి దాని అడుగున సన్నటి రంధ్రాలు పడి, బల్ల మీద పిండి రాలడం మొదలైంది. ఆయన బదిలీ మీద వెళ్ళారు. మంజునాథ్ ప్రొబేషన్ ఖాయమైంది. హొన్నె చెట్టు అక్కడే ఉంది, దాని కాయలతో ఇప్పటికీ మొక్కలు పెంచుతున్నారు.

చెక్కల సంగతి అడిగే పిల్లలకు నేను చెప్పేది మారలేదు. తాగే లోటాకు ఆలె వాడండి, గుజ్జు తీసేయండి, నీడన ఆరనివ్వండి. ఉద్యోగం సంగతి అడిగేవాళ్ళకు ఇంకొకటి చెబుతాను. చెట్టు నిలువుగా ఉందని నేను కొలిచి రాస్తే అది అభిప్రాయం. పై అధికారి చూసి అంటే అది కొలత. చెట్టు కావాలనుకున్నవాడు ఆ మాట ఆయన నోట వచ్చే దారి వెతకాలి. తన కొలతే సరైనదని వాదిస్తూ కూర్చుంటే, వాదనలో గెలిచేసరికి మొద్దు మిగులుతుంది.